నేను చెరిపేసిన పడవవాడు

కథ నడిపే వీడియో ఆటలన్నీ ఒకే అచ్చులో పోసినవా, వేరువేరువా అని మీ వయసువాళ్ళు ఫోన్లలో గంటల తరబడి కొట్లాడుకుంటారని నాకు తెలుసు. ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకున్నంతగా తిరుపతిలో ఇంకొకరికి ఉండదు. ఎందుకంటే అవన్నీ ఒకటేనని నమ్మి, నమ్మి ఊరుకోకుండా, ఒక శనివారం పొద్దున వాటిలో మూడింటిని నా చేత్తో చెరిపేసినవాణ్ణి నేను.

మాది ఐరాల వైపు పాత పాళెగాళ్ళ ఇల్లు. మా తాత కాలంలో గుర్రాలు ఉండేవి. మా నాయన కాలానికి జీను మిగిలింది. నా దాకా వచ్చింది నిటారుగా నిలిచే వెన్నెముక ఒక్కటే. దాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నాను. చిత్తూరులో ఒక ఆఫీసు రికార్డు రూములో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఇంట్లో ఊరికే కూర్చోవచ్చు. కానీ ఊరికే కూర్చోవడం మా వంశంలో అంతకు ముందు అందరూ చేసిన పనే. దాని ఫలితం కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాను.

తిరుపతి బస్టాండు వెనక వీధిలో, ఒక మెస్సు పైన, మొదటి అంతస్తులో ఉండేది ఆ గేమింగ్ సెంటర్. రెండు గదులు, టీవీకి తగిలించి ఆడే రెండు ఆటల పెట్టెలు, నాలుగు కార్ల పందేల యంత్రాలు. బయటి గదిలో ఒక పెట్టె, లోపలి గదిలో గుడ్డ తెర వెనక ఇంకొకటి. ఓనరు ముప్పై ఐదేళ్ళవాడు. మా తాత గుర్రాలను చూసుకున్న మనిషికి మనవడు. కస్టమర్ల ముందు నన్ను "మేనేజర్ గారూ" అనేవాడు. కోపం వస్తే "దొరా" అనేవాడు. మర్యాద తలకిందులయిందని మొదట్లో బాధపడ్డాను, తర్వాత అలవాటయింది.

ఉద్యోగంలో చేరిన రోజే రెండు షరతులు పెట్టాను. బల్లల కింద దూరి వైర్లు తగిలించను. పొద్దున షట్టరు సగమే లేస్తే దాని కింద దూరి లోపలికి రాను. పూర్తిగా లేచేదాకా మెట్ల మీద నిలబడతాను. ఓనరు ఒప్పుకున్నాడు. రోజూ తనే దూరి, లోపలి నుంచి గుంజి, "రాండి దొరా, మీ కిరీటం తగలదు ఇంక" అనేవాడు.

నా పని కస్టమర్ల వీపుల వెనక నిలబడి చూడడం. తిరుమల నుంచి దిగి రైలు కోసం కాచుకునే కుర్రాళ్ళే ఎక్కువ. గుండ్ల మీద చందనం ఆరకుండానే వచ్చి కార్ల పందేలు ఆడి పోయేవాళ్ళు. వెనక నుంచి అన్ని గుండ్లూ ఒకటే. ఒకసారి టైమయిందని ఒంగోలు గుండును లేపబోయి కరీంనగర్ గుండును లేపి మాటలు పడ్డాను.

కథల ఆటలు ఆడేవాళ్ళు వేరే రకం. వాళ్ళు వారం వారం వచ్చేవాళ్ళు. ఆ ఆటలు మా దగ్గరున్న ఆ రకం పెట్టెలకే వస్తాయి, ఇంట్లో ఎంత మంచి కంప్యూటరు ఉన్నా దానికి రావు. కాబట్టి ఆ కథలు కావాలంటే మా మెట్లు ఎక్కవలసిందే. మా దగ్గర అలాంటివి నాలుగు ఉండేవి, నాలుగూ నేను వెనక నుంచి చూసినవే. ఒక మనిషి వీపు. వెంట ఒక పిల్ల, లేదా పిల్లవాడు. మనిషి ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని ఉంటాడు. పక్కకు తిరిగి రెండు బండల సందులో ఇరుక్కుంటూ దూరతాడు. ఎక్కవలసిన గోడ అంచుకు ఎవరో పుణ్యాత్ములు ముందే పసుపు పూసి పెట్టి ఉంటారు, మన గడపలకు పూసినట్టు. పొడుగు గడ్డి కనిపిస్తే అందులో వంగి దాక్కుంటాడు. నెగడు కనిపిస్తే దాని పక్కన కూర్చుని మనసు విప్పుతాడు. పేర్లూ అంతే, నాలుగింటిలోనూ 'చివరి' అనే మాట ఉండేది. ఏది చివరిదో ఎవరికీ తెలియదు.

దీని మీద మా సెంటర్లో ప్రతి ఆదివారం పంచాయితీ జరిగేది. ఒక వైపు చిత్తూరు మామిడి మండీ దళారి. నలభై దాటినవాడు, బంగారు చైను, వెంట ఎప్పుడూ కాయల వాసన. వచ్చేది తెర వెనక కార్ల ఆటకని చెప్పేవాడు.

"అన్నీ ఒకటే కత అప్పా. ఒక తోట కాయల్ని నాలుగు పెట్టెల్లో సర్ది, నాలుగు చీటీలు అంటించినారు. అంతే," అనేవాడు.

రెండో వైపు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ లైను మీద పనిచేసే అమ్మాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఊరు ఐరాల పక్కనే. వారపు సెలవు రోజు టిఫిను బాక్సు కూడా తెచ్చుకుని పొద్దున్నే వచ్చేది. ఆమె ఆడేది పడవవాడి ఆట. దేశమంతా వరదలో మునిగి ఉంటుంది, పడవ నడిపే ఒక మనిషి, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను నది ఎగువన ఉన్న తల్లి దగ్గరికి చేర్చాలి.

"అన్నా, నువ్వు కాయ తినే రకం కాదులే. పెట్టె సూసి రేటు కట్టే రకం," అనేది దళారితో.

"తిన్నాక చెప్పు పాపా, ఏది ఏ పెట్టెలోదో."

"కండ్లు మూసుకోని చెప్తాను పో."

ఆమె ఆడే పద్ధతి నేను ఏడు నెలలు చూశాను. దీపం వెలుగుతున్న ఇంట్లోంచి ఏ వస్తువూ తీసేది కాదు. ఎదురైన ప్రతి పడవవాడితో మాట్లాడేది. చచ్చిపోయిన కుక్క ఒకటి కనిపిస్తే దాన్ని పూడ్చడానికి ఒక సెలవు రోజులో సగం ఖర్చు చేసింది. ఆటలో దానివల్ల ఏమీ రాదు. ప్రతి రాత్రీ పిల్లకు చలిమంట వేసేది.

చివరి అధ్యాయం వచ్చిన రోజు ఆమె ఆడలేదు. రేవు దగ్గర పడవ ఆపి, అక్కడికి సేవ్ చేసి, లేచింది.

"సార్, కంపెనీ వాళ్ళు నన్ను పూణె పక్కన ఇంకో ప్లాంటుకు ఏడాది పంపిస్తా ఉండారు. వచ్చే ఆదివారమే నాకు ఆఖరి సెలవు. ఆ పొద్దుకని ఇది దాసి పెట్టుకుంటా ఉండాను. ఎవురూ ముట్టకుండా సూడండి సార్."

"అమ్మా, మా ఇంటివాళ్ళ చేతిలో పెట్టిన వస్తువు ఏనాడూ పోలేదు," అన్నాను. ఆ మాట అనేటప్పుడు వెన్ను ఇంకో అంగుళం నిలిచినట్టు అనిపించింది.

ఆ శనివారం ఓనరు పెళ్ళికని చిత్తూరు వెళ్ళాడు. బయటి పెట్టెలో కొత్త ఆట ఎక్కించబోతే స్థలం లేదని వచ్చింది. ఫోన్ చేశాను.

"పనికిరానిది ఏదన్నా ఉంటే తీసేయ్యి దొరా. ఈడ బ్యాండు మేళం, ఏమీ ఇనపడలా," అని పెట్టేశాడు.

ఇక్కడ రికార్డు రూము సంగతి చెప్పాలి. అక్కడ ఏటా ఒకసారి నకళ్ళ ఏరివేత జరిగేది. ఒకే కాగితం నాలుగు ఫైళ్ళలో ఉంటే ఒకటి ఉంచి మూడు చించేయాలి. పై అట్ట, మొదటి పేజీ, చివరి పేజీ చూస్తే చాలు, లోపల చదవనక్కరలేదు. ముప్పై రెండేళ్ళలో నేను ఒక్కటి కూడా తప్పు చించలేదు. తప్పు చించావని ఎవరూ రాలేదు కాబట్టి అలా అనుకుంటున్నాను.

ఆ కన్నుతో తెర మీద చూస్తే నాలుగు బొమ్మలు. నాలుగు వీపులు, పక్కన నాలుగు చిన్న వీపులు. స్పష్టంగా నకళ్ళు. పడవవాణ్ణి ఉంచి మిగతా మూడూ ఏరివేయాలని నిర్ణయించాను. 'సేవ్ చేసినవి కూడా తొలగించాలా?' అని పెట్టె అడిగింది. ఫైలు చించి దాని అనుబంధాలు ఉంచడం రికార్డు రూములో పెద్ద తప్పు. అవునన్నాను. స్థలం వచ్చింది. చేతులు కడుక్కుని కాఫీ తాగాను.

ఆదివారం పది గంటలకు అమ్మాయి వచ్చింది. పూణెకు సర్దిన బ్యాగు అప్పుడే కొన్నట్టు కొత్తగా ఉంది. ఓనరు ఉన్నాడు, దళారి తెర వెనక ఉన్నాడు. ఆటను నేనే తెరిచి పెట్టబోయాను. బొమ్మ పెద్దదయింది. నది లేదు. ఇసుక ఉంది. నేను ఉంచింది ఎడారిలో ముసలి సైనికుడి ఆట, చెరిపింది పడవవాణ్ణి.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. మీకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకెవరో కస్టమరు సేవ్ చేసిన చోట ఆ ఎడారి ఆటను తెరిచి, కంట్రోలరు ఆమె చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అన్నీ ఒకటే కదా, గడిచిపోతుందనుకున్నాను.

ఆమె నాలుగడుగులు వేయించి ఆపింది.

"సార్, ఈయన ఎవురు?"

"ఎవరేమిటమ్మా. మీ పడవాయనే."

"పడవ యాడ సార్?"

"ఒడ్డున ఉంటుంది."

"ఒడ్డుకు నీళ్ళుండాల కదా."

"వరద తీసేసినట్టుంది," అన్నాను.

ఓనరు దగ్గాడు. ఆమె కుర్చీలో తిరిగి నన్ను చూసింది.

"సార్, మా పడవాయన కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. మా నాయన మాదిరి. ఏడు నెలలు ఎనకాల నడిచినాను. ఈయన సూడండి, పెండ్లికి పోతా ఉండినట్టు నడుస్తాడు. ఈ పిల్లోడెవురు? నాతో వచ్చింది ఆడబిడ్డ."

ఏడు నెలలు నేనూ ఆ వీపు చూశాను. ఏ కాలు ఈడుస్తాడో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

నిలబడే చెప్పాను. నకలు అనుకున్నానని, నేనే చెరిపానని, అబద్ధం కూడా ఆడానని. ఓనరు పరుగున వచ్చి అన్నీ నొక్కి చూశాడు. ఆట డిస్కు ఉంది, మళ్ళీ ఎక్కించవచ్చు. ఆమె ఏడు నెలల ప్రయాణం డిస్కులో ఉండదు. మొదటి రేవు నుంచి రావాలంటే ఒక రోజు చాలదు.

"ఏంది దొరా ఇది! నకలంట, నకలు! నాలుగు గుండ్లుంటే మూడు నరికేస్తావా?"

అమ్మాయి కంట్రోలరును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు లోపలి గది గుడ్డ తెర కదిలింది. దళారి బయటికి వచ్చాడు.

"పాపా, లోపల దాంట్లో ఒకటుండాది. ఆఖరి రేవు కాడ. కావాలంటే దాంతో ముగించుకో."

"లోపల ఎవురు ఆడేది?" అన్నాడు ఓనరు.

"...నేనే."

"నువ్వా! కార్ల ఆట అంటివి కదన్నా! అన్నీ ఒకటే అంటివే!"

"ఒకటేనా కాదా అని సూడాల కదప్పా. నాలుగు తూర్లు సూసినాను. ఇది ఐదోది."

ఏడుపు మొహంలోనే అమ్మాయికి నవ్వు వచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చుంది. రేవు అదే. నది అదే. కుడికాలు ఈడ్చే మనిషీ అతనే. ముందుగా అతని సంచి విప్పి చూసింది.

"అన్నా, ఇన్ని బాణాలు! ఒకటన్నా ఏసినావా?"

"ముందర అవసరం పడతాదని పెట్టుకున్నాను."

"ఇదే ఆఖరి ఊరు! ఇంక ముందర ఏముండాది? ఈ కట్టెలు సూడు, మోపులు మోపులు. ఒక్క పొద్దన్నా చలిమంట ఏసినావా బిడ్డకు?"

"సీజను దాటినాక కట్టెలకు గిరాకీ..." అని ఆగిపోయాడు.

తెర మీద పిల్ల దగ్గింది. కాసేపటికి మళ్ళీ దగ్గింది. అమ్మాయి కంట్రోలరు కింద పెట్టేసింది.

"నా బిడ్డకు దగ్గు లేదు సార్. ఈ బిడ్డ నాది కాదు. వీళ్ళను అన్నే చేర్చుకోవాల."

ఆట ఒకటే, రేవు ఒకటే. అయినా ఆమె వేరే మనిషి బిడ్డను తనదనుకుని గడప దాటించలేకపోయింది. బ్యాగు తీసుకుంది. మెట్ల దగ్గర నేను అడ్డంగా నిలబడ్డాను.

"అమ్మా, ఏడాదికి నువ్వు తిరిగి వచ్చేసరికి నీ పడవ నువ్వు ఆపిన రేవులోనే ఉంటుంది. నువ్వు నడిపినట్టే నడిపించి తెస్తాను."

"మీరా సార్? మీరు జాయ్‌స్టిక్ ముట్టింది ఎవురూ సూడల్యా."

"ముడతాను."

"ఆయప్ప వంగి పోవాల్సిన చోట్లు చానా ఉండాయి సార్," అంది నన్ను కిందికీ పైకీ చూసి. నమ్మినట్టు కనిపించలేదు. దిగి వెళ్ళిపోయింది.

మరునాడు ఓనరు చేత డిస్కు మళ్ళీ ఎక్కించి, ఒక కాగితాల ఫైలు తెరిచాను. ఆమె ఆడిన ఏడు నెలల్లో నాకు గుర్తున్నదంతా వరుసగా రాశాను. ఏ ఇంట్లో దీపం ఉంది, ఏ పడవవాడితో ఏం మాట్లాడింది, కుక్కను ఎక్కడ పూడ్చింది, చివర్లో సంచిలో ఏముంది: మూడు బాణాలు, ఒక కొయ్యబొమ్మ, చమురు అయిపోయిన లాంతరు. రికార్డు పెట్టడం నాకు తెలిసిన పని. ఆడడం తెలియదు.

మొదటి వారం మా పడవవాడు ఆకాశం చూస్తూ గోడలకు గుద్దుకున్నాడు. రెండో వారం రేవు దాటడం నేర్చుకుని మూడుసార్లు మునిగాడు. వెనక చందనపు గుండ్లు గుంపు కట్టి, "ఎడమకు తాతా, ఎడమకు!" అని కేకలు. మా వంశంలో ఇంతమంది జనం చుట్టూ చేరి కేకలు వేయడం మా తాత తర్వాత నాకే జరిగింది.

కాపలాదారుల వంతెన దగ్గర నెల రోజులు ఆగిపోయాను. అక్కడ గడ్డిలో వంగి పోవాలి. నేను నిటారుగా నడిపించేవాణ్ణి. బాణం తగిలేది. మళ్ళీ నడిపించేవాణ్ణి. నలభై ఒకటోసారి ఓనరు ఓర్చుకోలేకపోయాడు.

"ఆ గడ్డి పెట్టిందే దాక్కునేదానికి దొరా!"

"మా వాళ్ళు గడ్డిలో దాక్కోరు."

"దాక్కోకనే కదా దొరా అంతా పాయె! మా తాత చెప్పేవాడు. మీ తాత ముందర దారి తప్పని తెలిసినా గుర్రం తిప్పేవాడు కాదంట. తిప్పితే జనం సూస్తారని. మా తాత ఎనకాల పరిగెత్తి పరిగెత్తి సచ్చేవాడు." కాస్త తగ్గి, "నువ్వు నిలబడు దొరా. బాణం తగిలేది ఆ పసిబిడ్డకు గూడా అని సూసుకో," అన్నాడు.

చూశాను. నిజమే. నలభై ఒక్కసార్లూ నా వెనక ఆ పిల్ల కూడా పడిపోయింది. నేను అటు చూడలేదు. వంగే బటన్ ఎక్కడుందని అడిగాను.

పదకొండు నెలలు పట్టింది. ఒక రోజు ఫైలులో ఆఖరి వరుస పక్కన టిక్కు పెట్టి, పడవ కట్టి, సేవ్ చేసి లేచాను. లేచేటప్పుడు నడుము పట్టేసింది, మూడు రోజులు వంగే నడిచాను. ఆ సంగతి ఓనరు వీధంతా చెప్పాడు.

అమ్మాయి చెప్పిన ఏడాదికి ఒక వారం ఆలస్యంగా వచ్చింది. పొద్దున్నే వచ్చింది, మధ్యాహ్నం ఐరాల బస్సు ఎక్కాలట. ఆ రోజే షట్టరు సగంలో ఇరుక్కుని పైకి రాలేదు. ఓనరు లోపల గుంజుతున్నాడు. అమ్మాయి వంగి దూరిపోయింది. దళారి చైను పట్టుకుని దూరాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఇంకో నిమిషం నిలబడి ఉంటే ఎవరో ఒకరు ఆట తెరిచేవాళ్ళు. నేను పెట్టిన ఫైలు నా చేత్తో అప్పగించాలి కదా. దూరాను. ఓనరు చూసి, మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మర్యాదకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

ఆమె నాలుగడుగులు నడిపించింది. సంచి విప్పింది. బాణాలు లెక్కపెట్టింది, బొమ్మను తిప్పి చూసింది.

"మా పడవాయనే సార్," అంది. తర్వాత ఇంకో నాలుగడుగులు వేయించి, "కానీ బిడ్డ ఎనకాల రాల్యా. పక్కన నడుస్తా ఉండాది. నాకు ఎప్పుడూ ఎనకాలే వచ్చేది."

"ఆ వంతెన తర్వాత ప్రతి మలుపులో ఆగి, పిల్ల వచ్చిందో లేదో చూసుకుని కదిలాను. అదే కారణమేమో. తప్పయితే మళ్ళీ మొదటి నుంచి—"

"వద్దు వద్దు సార్! ఉండనీండి. ఇట్లే బాగుండాది."

మిగతాది ఆమె ఆడింది. మేము ముగ్గురం వెనక నిలబడ్డాం. పిల్ల తల్లి ఇంటి మెట్లెక్కి లోపలికి పోయింది. పడవవాడు లోపలికి పోలేదు. కాసేపు గడప దగ్గర నిలబడి, పడవ వైపు తిరిగాడు. అప్పుడు మొదటిసారి అతని ముఖం కనిపించింది. ఆమె ఏడు నెలలు, నేను పదకొండు నెలలు అతని వెనక నడిచాం. అలాంటి ముఖం ఉంటుందని ఇద్దరమూ అనుకోలేదు. సాదా ముఖం. నవ్వబోయి ఆపుకున్నట్టుంది.

అమ్మాయి కొంగు కళ్ళకు పెట్టుకుంది. అందరికన్నా ముందు ముక్కు చీదింది మాత్రం దళారి.

"అన్నిట్లోనూ ఇంతే కదప్పా, ఆఖరికి తిరిగి సూస్తాడు," అన్నాడు గొంతు సవరించుకుంటూ.

"అన్నిట్లో అంటే ఏ దాంట్లో అన్నా? ఒకటి చెప్పు," అంది అమ్మాయి.

అతను బస్సుకు టైమయిందన్నాడు. తర్వాత బస్టాండు దాకా ఆమె బ్యాగు మోశాడు.

కాబట్టి మీ కొట్లాటకు నా సాక్ష్యం ఇది. బండల సందులు, పసుపు పూసిన అంచులు, నెగడు పక్కన మాటలు ఒకటే. అవి పెట్టేవాళ్ళు కాస్త సిగ్గుపడాలని ఇప్పటికీ అంటాను. నకళ్ళా కాదా అన్నది మాత్రం పై అట్ట చూసి తేల్చకూడదు.

తర్వాతి సంవత్సరం పెట్టెల్లో స్థలం మళ్ళీ నిండింది. అప్పటికి కథల ఆటలు పద్నాలుగయ్యాయి. నేను ఆ నెలతో ఉద్యోగం మానేద్దామనుకున్నాను.

"ఏదన్నా నకలుంటే తీసేయ్యి దొరా," అన్నాడు ఓనరు నవ్వుతూ.

"లోపల చదివి చెప్తాను," అన్నాను.

అలా నా రెండో రిటైర్మెంటు మూడేళ్ళు వాయిదా పడింది. పద్నాలుగూ ఆడాను, వంగవలసిన చోట వంగి. వాటిలో రెండు మాత్రం నిజంగానే నకళ్ళు. అవేవో చెప్పను. మీరూ ఆడి తెలుసుకోండి.